తలుపు చెక్కింది మేం, గడప దాటొద్దంటారా?

దేవుణ్ణి గోడకి తగిలించటం ఇప్పుడు కొత్త మోజైంది. కాగితం పటం కాదు, కేలండరు బొమ్మ కాదు. టేకు చెక్క మీద చెక్కిన దశావతారాలు, మూడడుగుల గీతోపదేశం, సింహద్వారం మీద గజలక్ష్మి. నరసరావుపేటలో, సత్తెనపల్లిలో కొత్తగా లేచే మేడకి చెక్కుడు తలుపు లేకపోతే పరువు తక్కువంట. ఇంటికొచ్చినోళ్ళకి చూపించి "మన సంస్కృతి, మన కళ" అని మురుస్తారు. శిల్పి చేతిలో దేవుడే కూర్చుని చెక్కించుకుంటాడని వ్యాసాలు రాస్తారు.

మేం ఒక్కటే అడుగుతున్నాం. ఆ చెయ్యి ఎవరిది? ఆ చెయ్యి ఉన్న మనిషి ఆ తలుపు దాటి లోపలికి రావచ్చా?

తిరపతి నుంచి వచ్చిన లక్ష్మి

ముప్పాళ్ళ చుట్టుపక్కల పల్లెల్లో మా కుర్రాళ్ళు కొందరు వడ్రంగి పనిలోకి దిగారు. మిరపకోతలు, పత్తితీతలు అయిపోయినాక చేతికి పనుండదు. పొలం మాకు లేదు. అందుకని అడితిలో దుంగలు మొయ్యటానికి పోయారు. దుంగలు మోసినోడు రంపం పట్టాడు. రంపం పట్టినోడు చిత్రిక పట్టాడు. అట్లా పట్టగా పట్టగా ఒకడి చేతికి ఉలి వచ్చింది. వాడికి ఏ శిల్పశాస్త్రమూ ఎవరూ చెప్పలేదు. చెక్కలో నార ఎటు వాలి ఉందో చూసి ఉలి ఆనించాలి. ఎదురు ఆనిస్తే పెచ్చు లేస్తుంది, ఏనుగు తొండం కాస్తా ఊడి చేతికొస్తుంది. ముందు బొమ్మ గీత చెక్క మీదకి దించాలి. చుట్టూ ఉన్న చెక్కని లోతుగా తీసెయ్యాలి. అప్పుడు బొమ్మ పైకి లేస్తుంది. బుగ్గలు, వేళ్ళు, తామర రేకులు సన్న ఉలితో గుండ్రం చెయ్యాలి. తర్వాత రోజుల తరబడి గరుకు కాయితంతో రుద్దుడు. టేకు పొట్టు ముక్కులో పోయి రాత్రంతా దగ్గు. దేవుడు కూర్చుని చెక్కించుకోవటం అంటే ఇదీ.

ఒక ఊళ్ళో ఒక పెద్దింటికి మావాడు సింహద్వారం చేశాడు. ఊరి పేరు చెప్పం. చెబితే రేపు వాడికి పనుండదు. రెండు రెక్కల తలుపు, నడుమ గజలక్ష్మి, అటొక ఏనుగు, ఇటొక ఏనుగు. పని జరిగినన్నాళ్ళూ ఇల్లంతా వాడిదే. సిమెంటు బస్తాల పక్కన పడుకున్నాడు. ఆ గడపని వాడే చిత్రిక పట్టాడు, వాడే భుజాన మోసుకొచ్చి నిలబెట్టాడు. గృహప్రవేశం నాడు మిగిలిన డబ్బులు తీసుకుందామని, తన పనిని పదిమంది చూస్తుంటే తానూ చూసుకుందామని ఉతికిన చొక్కా వేసుకుని పోయాడు.

"ఒరే అబ్బాయ్, ఆడనే ఉండు. గడపకి పసుపు రాశారు. లోపల పూజ జరుగుతా ఉంది."

అంతే. కులం పేరు ఎత్తలేదు. తిట్టలేదు, కొట్టలేదు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెడదామంటే ఫిర్యాదులో రాసుకోటానికి ఒక్క మాట దొరకదు. వాడు చెప్పులు విడిచే కాడ నిలబడ్డాడు. చుట్టాలావిడ ఒకామె తలుపు మీద చెయ్యేసి "అమ్మవారు ఎంత కళగా ఉందో! యాడ చేయించారన్నయ్యా?" అని అడిగింది. ఇంటాయన వాడి కళ్ళ ముందే చెప్పాడు. "తిరపతి నుంచి తెప్పించాం అమ్మాయ్."

చూశారా? ముందు మనిషిని గడప అవతల పెట్టారు. తర్వాత వాడి పనిని కూడా వాడి దగ్గర్నించి ఊడబెరుక్కున్నారు. ఏకలవ్యుడి బొటనవేలు కోశారు. ఇక్కడ వేలు కొయ్యరు. వేలు కోస్తే రేపు తలుపు ఎవడు చెక్కుతాడు? అందుకని పేరు కోస్తారు.

చమ్మకారుడు విధికుడు

"మీకు శిల్పంతో ఏం సంబంధం? మీది తోలు పని, కూలి పని" అనేవాళ్ళని ఒకసారి అమరావతి దాకా రమ్మంటున్నాం. మా ముప్పాళ్ళకి అది ఎంతో దూరం లేదు.

కృష్ణ ఒడ్డున మహాచైత్యం ఉండేది. దాని చుట్టూ పలనాటి సున్నపురాతి కంచె. ఆ కంచె కట్టిన తీరు చూడండి. నిట్ట స్తంభాలు, వాటికి తొలిచిన తొర్రల్లోకి దూర్చిన అడ్డపట్టెలు, పైన పొడుగునా దూలం. అది వడ్రంగి పని. కొయ్యకంచెని చూసి రాతిలో చేసిన నకలు. కొయ్యని చెక్కిన చేతుల వెనకాలే రాతిని చెక్కే చేతులొచ్చాయి.

ఆ పలకలు ఏ ఒక్క మహారాజో ఇచ్చినవి కావు. వర్తకులు, గృహస్తులు, భిక్షుణులు, పనివాళ్ళు ఇచ్చారు. ఎవరిచ్చారో ఆ పేరు బ్రాహ్మీ లిపిలో రాయి మీదే చెక్కించారు. అందులో క్రీస్తు శకం తొలి శతాబ్దాల నాటి శాసనం ఒకటి ఉంది. ఇచ్చినవాడు విధికుడు. అతను చమ్మకారుడు, అంటే తోలు పనివాడు. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తల్లి, పెళ్ళాం, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, బంధుమిత్రులందరితో కలిసి అతనిచ్చిన కానుక పూర్ణఘటం చెక్కిన రాతి పలక.

మళ్ళీ చదవండి. తోలు పనివాడు. అతని తండ్రి పాఠం చెప్పే ఉపాధ్యాయుడు. అతనిచ్చిన పలక మహాచైత్యం కాడ నిలబడింది. పలక మీద అతని కులవృత్తి దాచలేదు, అతని పేరు దాచలేదు. మనువు రాసిన సంకెళ్ళు బౌద్ధం ఉన్న చోట ఎంత వదులయ్యాయో చెప్పటానికి ఈ ఒక్క పలక చాలు. సాంచీ తోరణం మీద కూడా విదిశ దంతపు పనివాళ్ళు ఈ చెక్కుడు పని తమదేనని రాసుకున్నారు.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కాగితం ఏదన్నా తీసి చూడండి. కులం సర్టిఫికెట్టే తియ్యండి. దాని మీద రాష్ట్ర చిహ్నం ఉంటుంది. 2018లో అమరావతి శిల్పాలని చూసి దిద్దిన ఆ చిహ్నం నడుమ ఉన్నది పూర్ణఘటం. ఏ బొమ్మనైతే ఒక తోలు పనివాడు తన పేరు చెప్పి కానుకగా ఇచ్చాడో ఆ బొమ్మే ఈ రాష్ట్రానికి ముద్ర. ఆ ముద్ర కింద "ఇతడు మాదిగ" అని రాసి మా చేతికిస్తారు. ఆ కాగితం పట్టుకున్నోడు గడప అవతల నిలబడాలి!

ఆ మహాచైత్యం ఏమైంది? 1797లో మెకంజీ దొర వచ్చేనాటికే జమీందారు కొత్త ఊరు కట్టటానికి దిబ్బని తవ్వించి పలకలు పీకించాడు. కొన్ని మెట్లయ్యాయి, కొన్ని గోడల్లో కలిశాయి, కొన్ని కాలి సున్నమయ్యాయి. మిగిలినవి లండనుకీ మద్రాసుకీ పోయాయి. పేర్లు రాసి ఉన్న రాళ్ళు పోయాయి. పేరు లేని చెక్కలు గోడలకెక్కాయి.

దేవుడు గోడకెక్కిన కథ

గోడ మీది దేవుడు అనాదిగా లేడు. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాడు. లక్ష్మి, సరస్వతి రంగుల్లో అచ్చయి ఊరూరికీ వచ్చారు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. లెక్క వేసుకోండి. గుడిలోకి మేం పోవటానికి చట్టం వచ్చేటప్పటికి 53 ఏళ్ళ ముందు నుంచీ అదే దేవుడు నాలుగు డబ్బులకి అంగట్లో దొరుకుతున్నాడు! గుడికాడ మా నీడ పడితే మైల. అంగడికాడ మా డబ్బుకి మైల లేదు.

అచ్చుబొమ్మ అందరి గోడల మీదకీ వచ్చేసరికి ఉన్నోళ్ళకి తేడా కావాల్సొచ్చింది. మాల మాదిగ గుడిసెలో ఉన్న పటమే మేడలో కూడా ఉంటే ఇంకేం గొప్ప? అందుకని చెక్కుడు బొమ్మ. టేకుది, ఇంకా ఉంటే ఎర్రచందనంది. దేవుడు అదే. ధర వేరు. గోడ మీద దేవుడు కూడా కులం లెక్కనే మెట్లు మెట్లుగా వేలాడుతున్నాడు.

ఆ చెక్క మీద ఏముందో కూడా చూద్దాం. దశావతారాల పలకలో అయిదో బొమ్మ వామనుడు. ఆ పాదం కింద ఉన్న తల ఎవరిది? బలిది. అడిగినోడికి లేదనకుండా ఇచ్చిన రాజుది. 1873లో జోతిరావు ఫూలే 'గులాంగిరి' రాసి ఈ అవతారాల కథలన్నీ తిరగేసి చూపించాడు. బలి మావాడు, పొట్టి బాపడు మమ్మల్ని తొక్కినవాడు అని కుండ బద్దలు కొట్టాడు. మావాడు తన ఉలితో చెక్కేది ఏందయ్యా అంటే తన తాత తల మీద వేరేవాడి పాదం. ఎంత నున్నగా చెక్కితే అంత కళ అంటారు.

వడ్రంగుల పొట్ట కొడతారా?

ఇట్లా రాస్తే కొందరు మిత్రులు "వడ్రంగులూ బీసీలే కదా, వాళ్ళతో తగాదా ఎందుకు?" అంటారు. మా తగాదా వాళ్ళతో కాదు. చెప్పేది వినండి.

దేవుణ్ణి చెక్కేవాళ్ళు, దేవుడికి కళ్ళు తీర్చేవాళ్ళు విశ్వబ్రాహ్మలు. మరి వాళ్ళ పెళ్ళి వాళ్ళు మంత్రాలతో చేసుకుంటామంటే చిత్తూరులో బ్రాహ్మలు అడ్డం పడ్డారు. అదాలత్ కోర్టుదాకా పోయి 1818లో తీర్పు తెచ్చుకోవాల్సొచ్చింది. దేవుణ్ణి చెయ్యటానికి పనికొచ్చిన చెయ్యి తన పెళ్ళి తను చేసుకోటానికి పనికిరాదన్నారు! దక్షిణాదిన కుడిచెయ్యి కులాలు, ఎడమచెయ్యి కులాలు అని చీల్చినప్పుడు ఈ పంచాణం వాళ్ళనీ మాదిగల్నీ ఎడమవైపు నిలబెట్టారు, మాలల్ని కుడివైపు నిలబెట్టారు. పని చేసే చేతుల్ని పని చేసే చేతులతోనే కొట్టించారు. విశ్వబ్రాహ్మల ఇంట్లో పెరిగిన పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో మాదిగ కక్కయ్య ఉన్నాడు, దూదేకుల సిద్ధయ్య ఉన్నాడు. ఆ దారిని మర్చిపోయి మెడలో జంధ్యం చూసుకుని మా వైపు చూడటం మానేసిన అన్నలని మేం అడుగుతున్నాం. గర్భగుడిలో విగ్రహం నిలబెట్టిన మర్నాడు మిమ్మల్ని లోపలికి రానిస్తున్నారా? మీరూ మాలాగే బయటే కదా! మాకూ మీకూ తేడా నాలుగడుగులు.

ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఇంకో దెబ్బ. కంప్యూటరు చెప్పినట్టు చెక్కే యంత్రాలు టౌన్లలోకి దిగాయి. బొమ్మ కంప్యూటర్లో ఉంటుంది. చెక్క కింద పెడితే తిరిగే ముల్లు గంటల్లో గీకేస్తుంది. పైన పాలిష్ కొట్టి "చేతిపని" అని చీటీ అంటిస్తారు. అప్పుడు ఉలి పట్టినోడు ఎవరైనా, వడ్రంగైనా మాదిగైనా, మిషను గీకిన దానికి గరుకు కాయితం రుద్దే కూలీ అవుతాడు. చేతిపని అనే పేరు అమ్ముకునేది షాపువాడు. చెయ్యి అరిగేది మాకు.

విశ్వకర్మ పేరుతో వచ్చింది ఏంది?

2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 18 వృత్తులు. శిక్షణ రోజులకి 500 రూపాయల చొప్పున భత్యం, పనిముట్లకి 15,000, మొదట లక్ష ఆ తర్వాత 2 లక్షల అప్పు 5 శాతం వడ్డీకి. చేతిపనివాడికి అప్పు పుట్టటం మంచిదే. మేం కాదనం. మా చెప్పులు కుట్టే అన్నలకి కూడా అందులో చోటుంది. కానీ దాని నడుం ఎక్కడుందో చూడండి. కుటుంబంలో తరతరాలుగా వచ్చే వృత్తి, గురుశిష్య పరంపర. అంటే తాత చెప్పు కుట్టాడు, నువ్వూ కుట్టు. తాత ఉలి పట్టాడు, నువ్వూ పట్టు. తాత అడితిలో దుంగ మోశాడు, నువ్వూ మొయ్యి.

1953లో మద్రాసులో రాజాజీ బడిపిల్లల్ని సగం పూట ఇంటికి పంపి అమ్మానాన్నల పని నేర్చుకోమన్నాడు. జనం దాన్ని కులవిద్య అని పిలిచి తిరగబడ్డారు. 1954లో ఎత్తేశారు. ఈసారి కూడా తమిళనాడు ప్రభుత్వం 2024లో ఈ పథకాన్ని ఇట్లాగే అయితే అమలు చెయ్యమని చెప్పింది. 2025లో కుటుంబ వృత్తితో ముడి పెట్టకుండా తన సొంత పథకం పెట్టుకుంది. మన దగ్గర నోరెత్తినవాడేడీ? బాబాసాహెబ్ 1936లోనే చెప్పాడు, కులం పనుల్ని పంచటం కాదు, పనివాళ్ళనే పంచి గోడలు కట్టటం అని. ఆ గోడకి ఇప్పుడు చెక్కుడు పలక తగిలిస్తున్నారు.

మా గోడల సంగతి

ఎదుటోడినే అంటే సరిపోదు. మన ఇళ్ళ సంగతి కూడా మాట్లాడుకుందాం.

రిజర్వేషన్ మీద ఉద్యోగం వచ్చింది. పల్లె వదిలి టౌన్లో ఇల్లు కట్టారు. మంచిదే. ఇల్లు కట్టటం మా హక్కు. కానీ ఆ ఇంటికి సింహద్వారం మీద గజలక్ష్మి ఎందుకు? హాల్లో చెక్కుడు గీతోపదేశం ఎందుకు? పక్కింటోళ్ళు చూసి "మావాళ్ళే" అనుకోవాలనే కదా? అంబేడ్కర్ ఫోటో లోపలి గదిలో, బీరువా పక్కన. ఏప్రిల్ 14న బయటికి తీసి దండ వేసి మళ్ళీ లోపల పెట్టటం! 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన లక్షలమందితో 22 ప్రమాణాలు చేయించింది ఇందుకా? దేవుడి చాటున దాక్కుంటే కులం కనిపెట్టలేదనుకుంటున్నారా? ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు తెలుస్తుంది, పిల్లకి సంబంధం చూసేటప్పుడు తెలుస్తుంది.

చర్చి పల్లెల్లో ఉన్న మావాళ్ళకి కూడా ఒక మాట. మీ గోడ మీద ఉన్న యేసు ఏ పని చేసేవాడు? వడ్రంగి పని. ఆ సంగతి ఆదివారం ప్రసంగంలో ఎన్నిసార్లు విన్నారు? వడ్రంగి కొడుకుని ఆరాధిస్తా మన పల్లెలో ఉలి పట్టిన పిల్లోడికి అండగా నిలబడకపోతే ఆ ఆరాధనకి అర్థమేంది?

"మీకు దేవుడే వద్దన్నప్పుడు దేవుడి బొమ్మ మీద పేరెందుకు?" అని తెలివైనోళ్ళు అడుగుతారు. బొమ్మ మీదిది మీ దేవుడు. బొమ్మలో ఉన్నది మా పని. గుడి మెట్టు మోసినోడు, గుడిని నమ్మినా నమ్మకపోయినా, మెట్టు మోసింది నిజం. ఆ నిజానికి పేరు అడుగుతున్నాం.

మేం అడిగేవి

ఒకటి. ప్రభుత్వ లేపాక్షి షాపుల్లో అమ్మే ప్రతి చెక్కుడు బొమ్మ మీద చెక్కిన మనిషి పేరు, ఊరు ఉండాలి. మిషను మీద చేసినదాన్ని మిషనుది అని రాయాలి. విధికుడి పేరు రాయి మీద ఇన్నాళ్ళు నిలిచింది. మావాడి పేరు చెక్క మీద పదేళ్ళయినా ఉండాలి.

రెండు. తిరుపతిలో దేవస్థానం 1960 నుంచి శిల్ప విద్యాలయం నడుపుతోంది. అందులో కొయ్య శిల్పం కూడా నేర్పుతారు. ఇన్నేళ్ళలో ఆ కొయ్య శిల్పం తరగతిలో మాల మాదిగ పిల్లలు ఎంతమంది చదివారో కులాలవారీగా లెక్క బయటపెట్టాలి. హుండీలో మా డబ్బు ఉన్నప్పుడు ఉలి పట్టే బల్ల మీద మా పిల్లలు ఎందుకు ఉండరు?

మూడు. ఏ కులంవాడు ఏ చేతిపని నేర్చుకోవటానికైనా అప్పు, శిక్షణ, పనిముట్లు ఇవ్వాలి. తాత ఏం చేశాడని అడగటం మానాలి.

నాలుగోది సర్కారుకి కాదు, మా కుర్రాళ్ళకి. పని ఒప్పుకునేటప్పుడే కాగితం మీద కూలి రాయించండి. తలుపు మీద పేరు చెక్కుతామని ముందే షరతు పెట్టండి. మొదట్లో ఒప్పుకోరు. పని పోతుంది. ఒక్కడే అడిగితే పోతుంది. సత్తెనపల్లి నుంచి మాచర్ల దాకా ఉలి పట్టిన వాళ్ళంతా అడిగితే పోదు. వడ్రంగి అన్నలనీ కలుపుకోండి. పేరు వాళ్ళకీ లేదు.

ఇంకా ఉలికి తీరిక దొరికితే మన గోడలకి మన బొమ్మలు చెక్కండి. పలనాటి యుద్ధంలో కత్తి పట్టిన మాల కన్నమదాసుని చెక్కండి. ఫూలేని, సావిత్రిబాయిని, బాబాసాహెబ్‌ని చెక్కండి. తోలు పనివాడు విధికుణ్ణి, పక్కన పూర్ణఘటాన్ని చెక్కండి. కింద మీ పేరు వెయ్యండి.

ఆ ఇంటాయనకి ఒక మాట చెప్పి ముగిస్తాం. మీ లక్ష్మి తిరపతి నుంచి రాలేదు. మా పల్లె నుంచి వచ్చింది. మీరు పసుపు రాసిన గడప మావాడి భుజం మీదే ఊళ్ళోకి వచ్చింది. గడప దాటనివ్వరా? సరే. ఆ రోజు ఇవ్వని మిగతా డబ్బులన్నా ఇవ్వండి.

జై భీమ్!